మాలిష్‌కూ ఒక తారీఖ్ ఉంది

మన తారీఖ్ కితాబుల్లో బాద్షాల తాజ్‌లు ఉంటాయి, తల్వార్లు ఉంటాయి. పిక్కలు పట్టేసిన పహిల్వాన్ కాళ్లు మాత్రం ఉండవు. ఆ కాళ్లను పట్టిన చేతులు అసలే ఉండవు. నాకు ఆ చేతుల గురించే రాయాలనిపించింది.

నారాయణఖేడ్ ఇవాళ సంగారెడ్డి జిల్లాలో ఉంది. 1956లో రాష్ట్రాల హద్దులు మారేదాకా బీదర్ జిల్లాలో ఉండేది. అందుకే మా బజార్లో తెలుగు, ఉర్దూ, కన్నడ, మరాఠీ నాలుగూ వినిపిస్తాయి. నాలుగింటిలోనూ పహిల్వాన్ పహిల్వానే, మాలిష్ మాలిషే. ఈ ఇలాకాలో జాతర అంటే కుస్తీ ఉండాల్సిందే. కొబ్బరికాయ కుస్తీతో మొదలై, వెండి కడెం కుస్తీతో ముగుస్తుంది. చిన్నప్పుడు నేను కుస్తీ కంటే దానికి ముందు జరిగేదే ఎక్కువ చూసేవాణ్ని. నిన్నటి జాతరలో పట్టుపట్టి, ఇవాళ మళ్లీ దిగాల్సిన పహిల్వాన్ ఒక పక్కన కూర్చునేవాడు. అతని దోస్తు తొడలు, పిక్కలు మెల్లగా పట్టడం మొదలుపెట్టి, పిలుపు దగ్గర పడేకొద్దీ జోరు పెంచేవాడు. ఎందుకలా అని అడిగితే "ఉస్తాద్ చెప్పిండు" అనేవాళ్లు. అంతే జవాబు.

ఆ ఉస్తాద్‌కు ఎవరు చెప్పారు? ఆ సిల్సిలా పట్టుకుని పోతే చాలా దూరం వెళ్తాం.

ఇబ్న్ సీనా (980–1037) తన 'అల్ ఖానూన్' మొదటి కితాబులో రియాజత్, అంటే వ్యాయామం గురించి రాస్తూ, మాలిష్‌కు కూడా చోటిచ్చాడు. దాన్ని తిబ్బులో దల్క్ అంటారు. గట్టి దల్క్ జిస్మ్‌ను బిగిస్తుంది, మెత్తటిది వదులు చేస్తుంది, ఎక్కువసేపు చేస్తే పలచబరుస్తుంది అన్నాడు. ఆ తర్వాత వక్త్‌ను బట్టి రెండు రకాలు చెప్పాడు. ఆటకు ముందు చేసేది దల్కె ఇస్తిదాద్, అంటే తయారీ మాలిష్. అది నెమ్మదిగా మొదలై, ఆట వేళ దగ్గరపడేకొద్దీ గట్టిపడాలి. ఆట తర్వాత చేసేది దల్కె ఇస్తిర్దాద్. అది నూనెతో, హాయిగా ఉండాలి. జాతరలో నేను చూసింది అచ్చంగా ఆ మొదటిదే.

ఈ ఇల్మ్ ఇబ్న్ సీనా ఒక్కడిదే కాదు. ఆయనకు ఎనిమిది వందల ఏళ్లకు పైగా ముందే జాలీనూస్ (గాలెన్) పెర్గమమ్‌లో గ్లాడియేటర్లకు తబీబ్‌గా పనిచేశాడు. ఆటకు ముందు, తర్వాత చేసే మాలిష్ గురించి వివరంగా రాశాడు. ఆయన కితాబుల్ని బగ్దాద్‌లో హునైన్ ఇబ్న్ ఇస్‌హాఖ్ వంటివాళ్లు అరబీలోకి తెచ్చారు. హునైన్ క్రైస్తవుడు. యూనానీ ఇల్మ్, క్రైస్తవుడి తర్జుమా, ముస్లిం హకీం కలం: ఎవరిది ఈ మాలిష్ అంటే ఏం చెప్తాం?

మన వైపు చూసినా అంతే. బీదర్ పక్కనే ఉన్న కల్యాణి (ఇప్పటి బసవకల్యాణ్) నుంచి ఏలిన చాళుక్య రాజు మూడో సోమేశ్వరుడు 12వ శతాబ్దంలో 'మానసోల్లాసం' రాయించాడు. అందులో మల్లుల తిండి, కసరత్తు గురించి ఒక భాగం, నూనె మర్దన గురించి మరో భాగం ఉన్నాయి. తర్వాత బహమనీల కాలంలో బీదర్‌లో దారుష్షిఫా వెలిసింది. అక్కడ హిందూ వైద్యులు, ముస్లిం హకీంలు ఇద్దరూ ఉండేవారు. బీదర్ ఖిలాలోని షాహీ హమ్మాం ఇప్పటికీ నిలబడి ఉంది. నారాయణఖేడ్ తాలీంలోని ఎర్రమట్టి మీద ఈ రెండు నదులూ కలిశాయి. ఆ మట్టి పూసుకున్నాక ఎవరి ఒళ్లు ఏ మజహబ్‌దో తెలిసేది కాదు.

ఇక సైన్స్ మాట. కొత్త మెహనత్ చేసిన ఒకటి రెండు రోజులకు కాళ్లు ఎందుకు నొస్తాయి? ఇబ్న్ సీనా కాలపు తబీబులు దేహంలో మిగిలిన ఫుజ్లాత్, అంటే వ్యర్థాలే కారణమన్నారు. మన కాలంలో చాలామంది లాక్టిక్ యాసిడ్ పేరు చెప్తారు. చూడండి, రెండూ ఒకే ఖయాల్, పేరు మాత్రమే మారింది. లాక్టిక్ యాసిడ్ ఆట ఆగిన గంటా గంటన్నరలో మామూలు స్థాయికి దిగిపోతుంది. నొప్పి మాత్రం 24 నుంచి 72 గంటల మధ్య పెరుగుతుంది. 1902లోనే అమెరికాలో థియోడర్ హఫ్ అనే పరిశోధకుడు ఇది కండరం లోపలి చిన్న చిన్న దెబ్బల వల్ల కావచ్చని రాశాడు. ముఖ్యంగా కండరం సాగుతూ బరువు మోసినప్పుడు, అంటే బైఠక్‌లో కిందికి దిగేటప్పుడు, గుట్ట దిగుతూ పరిగెత్తేటప్పుడు ఈ నొప్పి ఎక్కువ.

సబబ్ తప్పైనా అమల్ నిలబడింది. మాలిష్ ఆ నొప్పిని కొంత తగ్గిస్తుందని ఇప్పటి పరిశోధనలూ చెప్తున్నాయి. నెమ్మదిగా నడిచి, కాసేపు తేలిగ్గా పరిగెత్తి ఒళ్లు వేడి చేసుకుంటే కాళ్లు కాసేపు వదులవుతాయి. కాళ్లు చాచి చాలాసేపు బిగపట్టి సాగదీయడం మాత్రం నొప్పికి పెద్దగా పనిచేయదు, పైగా ఆటలో కాలి బలం కాసేపు తగ్గుతుంది. అదే కసరత్తు రెండోసారి చేసినప్పుడు నొప్పి తక్కువ. రోజుకు కొన్ని బైఠక్‌లే పెంచిన ఉస్తాద్‌లకు ఇది లెక్కల్లేకుండానే తెలుసు.

ఫుట్‌బాల్‌లోనూ ఇదే మసలా. హైదరాబాదీ సయ్యద్ అబ్దుల్ రహీం సాబ్ కోచ్‌గా 1962లో జకార్తాలో మన జట్టు ఏషియన్ గేమ్స్ బంగారు పతకం గెలిచింది. కొద్ది రోజుల్లోనే ఐదు మ్యాచ్‌లు. సెప్టెంబర్ 4న ఫైనల్లో దక్షిణ కొరియాపై 2–1. అలాంటి టోర్నీలో నిన్నటి నొప్పి దిగకముందే ఇవాళ్టి ఆట వచ్చి నిలబడుతుంది.

ఇవాళ మన పిల్లలు ఆ చేతుల ఇల్మ్ వదిలేసి, కబడ్డీ టోర్నీకి ముందు మెడికల్ షాపులో నొప్పి గోలీ కొని మింగుతున్నారు. ఎండలో, నీళ్లు తాగకుండా, ఖాళీ కడుపుతో ఆ గోలీ కిడ్నీలకు ఖత్రా. నొప్పి ఒకేచోట పొడిచినట్టున్నా, వాపు వచ్చినా ఆడొద్దు. మూత్రం నల్లచాయ్ రంగులో వస్తే ఆగకుండా ఆస్పత్రికి పోవాలి. అక్కడ మాలిష్ పనికిరాదు.

చిల్లా రోజుల్లో బాలింతకు, పసిబిడ్డకు నూనె రాసే నానీలు మన ఇళ్లల్లో ఇంకా ఉన్నారు. తాలీం ఉస్తాద్‌లు కొద్దిమందే మిగిలారు. మీ ఊళ్లో ఎవరైనా ఉంటే, మీ కొడుకునే కాదు, ఖోఖో ఆడే బిడ్డను కూడా తీసుకెళ్లి కూర్చోబెట్టండి. ఎక్కడ మెత్తగా పట్టాలో, ఎక్కడ గట్టిగా పట్టాలో, ఎక్కడ అసలు ముట్టుకోకూడదో అడిగి రాసుకోండి. ఇబ్న్ సీనా రాశాడు కాబట్టి ఆయన మాట వెయ్యేళ్లు బతికింది. మన ఉస్తాద్‌ల మాట రాయాల్సింది మనమే.