సీసా మీద పేరు

మా పెద్దమ్మ బీరువాలో, పట్టుచీరల మడతల మధ్య, ఒక ఖాళీ సెంటుసీసా ఉండేది. దుబాయ్ నుంచి అన్నయ్య తెచ్చింది. ‘ఛానెల్ సెంటు’ అనేది ఆవిడ. అయిపోయి ఏళ్ళు గడిచినా పారెయ్యనిచ్చేది కాదు. ఆ పేరు బట్టలు కుట్టించి అమ్మిన ఒకావిడదని నాకు చాలాకాలం తెలియదు.

పారిస్‌లో గౌన్లు కుట్టేవాళ్ళు సెంట్లు అమ్మడానికి దారి వేసినవాడు పాల్ పొరే, 1911లో. అయితే ఆ వ్యాపారానికి తన పేరు పెట్టకుండా కూతురు రోజీన్ పేరు పెట్టాడు. పొరపాటు అక్కడే చేశాడేమో! పదేళ్ళకి, 1921లో, కోకో షనెల్ తన పేరే సీసా మీద వేయించింది. నంబర్ 5 తయారుచేసింది ఎర్నెస్ట్ బో అయినా, జనం కొన్నది ఆవిడ పేరుని. ఆవిడ గౌను కొనగలిగేవాళ్ళు బహుకొద్దిమంది. సీసా కూడా చవకేం కాదుగానీ, కూడబెట్టుకుంటే దొరికేది. రెండో ప్రపంచయుద్ధం చివర్లో పారిస్‌లో ఉన్న అమెరికన్ సైనికులు రూ కాంబోన్‌లోని ఆమె దుకాణం ముందు బారులు తీరారు. ఇంటికి పట్టుకెళ్ళడానికి వాళ్ళకి కావలసింది గౌను కాదు, ఆ సీసా.

చిత్రమేమిటంటే, 1924లో వెర్ట్‌హైమర్ సోదరులతో పెట్టిన సెంట్ల కంపెనీలో షనెల్ వాటా 10 శాతమే. తన పేరుకి అంత విలువుందని ఆవిడకీ ఆలస్యంగానే తెలిసినట్టుంది. ఆ వాటా గురించి 1947 దాకా పేచీ పడుతూనే ఉంది.

మొన్న పెద్దమ్మ సీసా మూత తీశాను. కలరా ఉండల వాసన.