ష్లెసింగర్ కొన్న బొమ్మలు

బొంబాయి ప్రోగ్రెసివ్ ఆర్టిస్ట్స్ గ్రూప్ గురించి రాసేవాళ్లు మూడు పేర్లు ఒక్క ఊపిరిలో చెప్పేస్తారు: వాల్టర్ లాంగ్‌హామర్, రూడీ ఫాన్ లేడెన్, ఇమాన్యుయేల్ ష్లెసింగర్. యూరప్ నుంచి వచ్చిన ఈ ముగ్గురూ మన కుర్రాళ్లకు ఆధునిక చిత్రకళ నేర్పారన్నది స్థిరపడిపోయిన కథ. ఈ కథ మన చిత్రకారులకూ న్యాయం చేయదు, ష్లెసింగర్‌కూ చేయదు.

ఆయన వియన్నా యూదుడు, వ్యాపారి. అక్కడ ఉండగానే చిత్రాలు సేకరించేవారు. 1938 మార్చిలో ఆస్ట్రియా నాజీల చేతుల్లోకి పోయింది. ఏప్రిల్‌లోనే, 5,000 మార్కులకు మించి ఆస్తి ఉన్న యూదులు దాని జాబితా రాసివ్వాలన్న ఉత్తర్వు వచ్చింది. దేశం విడిచే ఆస్తిపరులు అందులో నాలుగో వంతు పన్ను కట్టాలి. ఆ గడ్డురోజుల్లో ష్లెసింగర్ బొంబాయి చేరి, మందుల తయారీలో దిగి, ఇండో-ఫార్మా కంపెనీతో నిలదొక్కుకున్నారు.

అసలు తగువంతా 1940ల దగ్గరే. ఆధునికత ఈ ముగ్గురి వెంట ఓడ దిగి రాలేదు. కరీంనగర్ జిల్లా అన్నారం నుంచి వెళ్లిన పి.టి.రెడ్డి 1941 నాటికే తోటివారితో కలిసి ‘యంగ్ టర్క్స్’ బృందం కట్టారు. బొంబాయి జె.జె. ఆర్ట్ స్కూలు అధిపతి గెరార్డ్ ప్రోత్సాహం దానికి ఉన్న మాట నిజమే. 1943లో కలకత్తా గ్రూపు వచ్చింది. చిత్రకారిణి అమృతా షేర్‌గిల్ అప్పటికే తన పని చేసి కన్నుమూశారు. 1947లో సూజా, రజా, హుస్సేన్, ఆరా, గాడే, బాక్రే ప్రోగ్రెసివ్ గ్రూపుగా చేయి కలిపేసరికి నేల దుక్కి దున్ని ఉంది.

పైగా ముగ్గురినీ ఒకే గాటన కట్టడం సరికాదు. లాంగ్‌హామర్ యూదుడు కాదు, ఆయన భార్య యూదు వనిత. ఆయన టైమ్స్ ఆఫ్ ఇండియా ఆర్ట్ డైరెక్టర్, ఇంట్లో ఆదివారాలు కుర్రాళ్లను చేరదీసి రంగుల గురించి చెప్పినవారు. లేడెన్ 1933లోనే వచ్చిన భూగర్భ శాస్త్రవేత్త, పత్రికల్లో విమర్శకుడు. ష్లెసింగర్ చేసింది వేరు. ఆయన డబ్బిచ్చి కొన్నారు.

ఆ డబ్బు విలువ తెలియాలంటే ఆరాను చూడాలి. సికింద్రాబాద్ పక్కన బొల్లారంలో పుట్టి, ఏడేళ్లకే బొంబాయి పారిపోయి, ఇళ్లలో పని చేసి, కార్లు కడిగి బతికిన మనిషి. నీటిరంగులనే తైలవర్ణాల్లా దట్టంగా పూసి పూలకుండీలు గీసేవారు. హుస్సేన్ సినిమా హోర్డింగులు రాసి, పిల్లల ఆటబొమ్మలు, ఫర్నిచర్ డిజైన్లు చేసి ఇల్లు గడిపారు. జహంగీర్ ఆర్ట్ గ్యాలరీ తెరిచింది 1952లో. అంతకుముందు ఇలాంటి చిత్రానికి అంగడి అంటూ దాదాపు లేదు. సంపన్నుల గోడలకు వేరే రుచి ఉండేది. పొగడ్త ఎంత దొరికినా కాన్వాసు కొనిపెట్టదు. ఎవరో ఒకరు కొంటేనే మరుసటి బొమ్మకు రంగులు వస్తాయి. ఆ ఎవరో ఒకరిలో ష్లెసింగర్ ముందువరసలో నిలిచారు.

అలాగని ఆయన్ని పోషకప్రభువుగా నిలబెట్టడమూ నాకు సమ్మతం కాదు. మధ్య యూరప్ చిత్రాలకు అలవాటుపడిన కన్ను ఆయనది. బలమైన గీత, గట్టి రంగు ఆ కంటికి ముందు ఆనేవి. కొనేవారు కొద్దిమందే అయినచోట వాళ్ల అభిరుచి గీసేవాడి చేతిని కొంత లాగే ఉంటుంది. కానీ లాగడం వేరు, నేర్పడం వేరు. సూజా కోపం, రజా చిన్ననాటి అడవి ఎవరూ ఇస్తే వచ్చినవి కావు.

హుస్సేన్ ‘గ్రామ యాత్ర’ 2025లో న్యూయార్క్ వేలంలో దాదాపు 118 కోట్ల రూపాయలు పలికింది. ఆ అంకె చూసి పొంగిపోవడం నాకు చేతకాదు. ధర ఖాయమయ్యాక కొనడానికి డబ్బుంటే చాలు. పైసా తిరిగొస్తుందన్న భరోసా లేని రోజుల్లో, ఒకసారి సర్వం పోగొట్టుకున్న మనిషి మళ్లీ బొమ్మల మీదే డబ్బు పెట్టారు. మన కళాచరిత్రలు ష్లెసింగర్‌కు ఇప్పటికీ ఒక వాక్యంలో మూడో పేరుకు మించి చోటివ్వడం లేదు. ఆరా మీద తెలుగులో ఒక్క మంచి పుస్తకం రాసేవారైనా, ఆయన బొమ్మలు తొలిరోజుల్లో ఎవరి ఇళ్లకు వెళ్లాయన్నది ఒక పూర్తి అధ్యాయంగా రాయాలి.