శరణాలయం, గ్రాంటు, కథ: అక్రమ రవాణా నుంచి బయటపడిన స్త్రీల ఆశ్రయం – తెలుగునాట ధనవనరుల చరిత్ర

'కన్యాశుల్కం' 1909 నాటి రెండో కూర్పు చివరలో సౌజన్యారావు పంతులు బుచ్చమ్మను పూనా విడోస్ హోముకు పంపే ఏర్పాటు చేస్తాడు. నాటకాన్ని అంతదాకా నడిపించిన మధురవాణికి మాత్రం దక్కేది ఉపదేశం, భగవద్గీత. ఈ ముగింపును విమర్శకులు పాత్రల నైతిక పరిణామం దృష్ట్యా విస్తారంగా చర్చించారు. సంస్థల దృష్ట్యా చూస్తే ఇందులో మరొక సంగతి కనిపిస్తుంది. వితంతువును పంపడానికి, దూరాన పూనాలోనైనా, ఒక చోటు ఉంది. వేశ్యావృత్తిని విడిచే స్త్రీని పంపడానికి చోటు లేదు. గురజాడ కల్పించని ఆ చోటు తరువాతి కాలంలో ఎలా ఏర్పడింది, దానికి డబ్బు ఎవరిచ్చారు, ఆ డబ్బు లోపలికి వచ్చిన స్త్రీ నుంచి బదులుగా ఏమి కోరింది అన్నవి ఈ వ్యాసంలో పరిశీలించే అంశాలు.

వితంతువుకు చోటు ఏర్పడడం వెనుక దాతలున్నారు. 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరంలో జరిగిన మొదటి వితంతు వివాహం వెనుక వీరేశలింగం పట్టుదలతోపాటు కాకినాడ వర్తకుడు పైడా రామకృష్ణయ్య ధనసహాయం ఉంది. 1906లో హితకారిణీ సమాజాన్ని నెలకొల్పి పంతులు తన ఆస్తిని దానికి అప్పగించారు. వేశ్యల విషయంలో అదే సంస్కర్త చేసినది మేజువాణీల నిషేధానికి ప్రచారం. అంటే వితంతువు సమస్యకు భవనం, వేశ్య సమస్యకు బహిష్కారం పరిష్కారాలుగా నిలిచాయి. దాత దృష్టిలో మొదటి స్త్రీ నిర్దోషి, రెండో స్త్రీ దోషానికి కారణం. ఏ ఆశ్రయానికైనా చందా ఎవరి పేర వసూలవుతుందన్నది ఈ తేడా మీదే ఆధారపడిందని నా అభిప్రాయం.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. కళావంతులను, జోగినులను, నేడు చట్టం 'అక్రమ రవాణా బాధితులు' అంటున్నవారిని ఒకే గాటన కట్టడం చారిత్రకంగా పొరపాటు. కళావంతుల కుటుంబాలకు ఆస్తి, విద్య, సంగీత పరంపర ఉండేవి. తిరువయ్యారులో త్యాగరాజ సమాధి మందిరాన్ని సొంత ధనంతో కట్టించిన బెంగుళూరు నాగరత్నమ్మ ఆ పరంపరలోని మనిషే. ఆశ్రయం పొందేవారుగా చరిత్రలోకి ఎక్కకముందు ఈ స్త్రీలు దాతలు. 1921లో గాంధీ కాకినాడకు వచ్చినప్పుడు ఆయన దేవదాసీలతో, ఘోషా స్త్రీలతో మాట్లాడాలని పన్నెండేళ్ల దుర్గాబాయి పట్టుబట్టింది. ఐదువేల రూపాయల నిధి సమకూరిస్తేనే సమయం కేటాయిస్తామన్నారు స్థానిక నిర్వాహకులు. ఆ డబ్బు కూడగట్టడంలో దేవదాసీలు ఆమెకు తోడు నిలిచారు. సభలో స్త్రీలు ఒంటి మీది నగలు కూడా తీసి ఇచ్చారు. ఈ ఘట్టాన్ని మనం దుర్గాబాయి బాల్య సాహసంగా మాత్రమే చెప్పుకుంటున్నాం. తమను ఉద్దరించే మాట వినడానికి కూడా ఆ స్త్రీలు ముందుగా రుసుము చెల్లించవలసి వచ్చిందన్న సంగతి దానిలోనే ఉంది.

తెలుగువారి చొరవతో తొలి శరణాలయాలు మద్రాసులో వెలిశాయి. కళావంతుల కుటుంబంలో పుట్టిన గాంధేయవాది యామినీ పూర్ణతిలకం 1920లలో అక్కడ హిందూ యువతీ శరణాలయాన్ని నడిపారు. గదర్ విప్లవకారుడు దరిశి చెంచయ్య స్వీయచరిత్ర 'నేనూ నా దేశం' ఆ కాలపు పనిని గురించి తెలుగులో ఉన్న విలువైన ఆధారం. ముత్తులక్ష్మీ రెడ్డి అవ్వై హోము కూడా దాదాపు ఇదే కాలంలో, ఆశ్రయం కోరి వచ్చిన దేవదాసీ బాలికలను వసతి గృహాలు చేర్చుకోకపోవడంతో మొదలైంది. ఇవన్నీ చందాల మీద నడిచిన ఇళ్లు. చందాకు లెక్క తక్కువ, ఆదరణ ఎక్కువ. అయితే చందా ఇచ్చేవారి అభిరుచికి ఎదురు చెప్పే శక్తి ఆ ఇళ్లకు ఉండేది కాదు. నాటి వాడుకలోని 'పతితోద్ధరణ' అనే సమాసాన్ని గమనించాలి. అందులో స్త్రీ పడినది, దాత ఎత్తేవాడు. పడదోసినవాడికి ఆ సమాసంలో స్థానం లేదు.

1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ మండలి ఏర్పడింది. దాని తొలి అధ్యక్షురాలు దుర్గాబాయి. కాకినాడలో దేవదాసీల చేత చందా కూడగట్టించిన బాలిక మూడు దశాబ్దాల తరువాత స్వచ్ఛంద సంస్థలకు గ్రాంటులు మంజూరు చేసే స్థానంలోకి వచ్చారు. మండలి నియమించిన సాంఘిక, నైతిక ఆరోగ్య సలహా సంఘం ధన్వంతి రామారావు అధ్యక్షతన పనిచేసింది. 1956లో స్త్రీల, బాలికల అవినీతి వ్యాపార నిరోధక చట్టం వచ్చింది. 1986 సవరణతో దాని పేరు మారింది. దీని 17వ సెక్షన్ ప్రకారం మేజిస్ట్రేటు విచారణ జరిపి, విడిపించిన స్త్రీని ఏడాదికి తగ్గకుండా, మూడేళ్లకు మించకుండా రక్షణాలయంలో ఉంచమని ఆదేశించవచ్చు. చట్టం ఆ స్త్రీని నేరస్థురాలు అనలేదు. కానీ గేటుకు తాళం వేయించింది. ఆశ్రయం అడిగి వచ్చేవారి ఇల్లు, కోర్టు పంపగా వచ్చేవారి ఇల్లు ఒకటే కావడం ఇక్కడ మొదలైంది. తరువాతి చిక్కులన్నింటికీ మూలం ఇదే.

హైదరాబాదులో ఈ చరిత్ర 1996లో మలుపు తిరిగింది. పాతబస్తీలోని మెహబూబ్ కీ మెహందీ వేశ్యావాటికను ఖాళీ చేయించినప్పుడు అక్కడి స్త్రీలు, పిల్లలు నిలువనీడ కోల్పోయారు. సునీతా కృష్ణన్, బ్రదర్ జోస్ వెట్టికాటిల్ ఖాళీ అయిన ఆ చోటనే పిల్లలకు బడి పెట్టారు. 'ప్రజ్వల' అలా మొదలైంది. తొలి సంవత్సరాలలో ఖర్చుల కోసం నగలు, ఇంటి సామాను కూడా అమ్మానని సునీత చెప్పారు. పిల్లల బడితో మొదలైన సంస్థ విడిపించడం, వసతి, వైద్యం, న్యాయసహాయం, వెల్డింగు, వడ్రంగం, తాపీపని వంటి వృత్తుల శిక్షణ దాకా విస్తరించింది. ఆడవారికి కుట్టుమిషను తప్ప మరొకటి తోచని పునరావాస సంప్రదాయంలో ఇది చిన్న మార్పు కాదు.

2007 డిసెంబరులో కేంద్రం 'ఉజ్జ్వల' పథకాన్ని ప్రారంభించింది. నివారణ, విడుదల, పునరావాసం, పునరేకీకరణ, స్వదేశానికి చేర్చడం అనే ఐదు అంగాలు గల ఈ పథకం నేడు మిషన్ శక్తి కింద 'శక్తి సదన్'లో కలిసింది. ఉజ్జ్వలలో ఖర్చును కేంద్రం 60, రాష్ట్రం 30, సంస్థ 10 శాతం చొప్పున భరించే పద్ధతి ఉండేది. సంస్థ తన వాటాను ఎక్కడో వెతుక్కోవాలి. తనిఖీ, వినియోగ ధ్రువపత్రం, మంజూరు వరుసగా జరిగితే తప్ప తరువాతి వాయిదా రాదు. అన్నం మాత్రం ఏ పూటకు ఆ పూట పెట్టాలి. ఆర్థిక సంవత్సరం మార్చితో ముగుస్తుంది. భయంతో మాట పడిపోయిన మనిషికి మాట తిరిగి రావడానికి అలాంటి గడువు లేదు.

సాహిత్య విద్యార్థికి ఇక్కడ ఆసక్తి కలిగించేది గ్రాంటు పుట్టించిన రచనా ప్రక్రియ. నివేదికకు జతపరిచే 'కేసు చరిత్ర' ఎక్కడ రాసినా ఒకే కథనక్రమాన్ని పాటిస్తుంది: పేదరికం, నమ్మించిన బంధువు లేదా ప్రియుడు, నగరం, చెర, విడుదల, శిక్షణ, చిరునవ్వు. చివరి మెట్టు చేరని కథకు నివేదికలో చోటు కష్టం. మళ్లీ వెళ్లిపోయిన స్త్రీ, సాక్ష్యం చెప్పనన్న స్త్రీ, ఇంటివాళ్లు వద్దన్న స్త్రీ సంఖ్యలుగా మిగులుతారు. 'పతిత' స్థానంలోకి 'లబ్ధిదారు' వచ్చింది. అవమానం పోయినందుకు సంతోషించవలసిందే. అయితే ఇదీ ఇచ్చేవారి వైపు నుంచి పుట్టిన పదమే.

కథ కావాలి, పేరు బయటపడకూడదు: ఈ సంకటానికి కల్పన ఒక దారి చూపింది. నిజామాబాదు ప్రాంతంలో హేమలతా లవణం నడిపిన 'సంస్కార్' సంస్థలో జోగినుల మధ్య పనిచేసిన వి. శాంతిప్రబోధ ఆ అనుభవంతో 'జోగిని' నవల రాశారు. నివేదికలో ఇమడనిది నవలలో ఇమిడింది. రెండో ఉదాహరణ సినిమా. రాజేష్ టచ్‌రివర్ దర్శకత్వంలో సునీతా కృష్ణన్ నిర్మాతగా వచ్చిన 'నా బంగారు తల్లి' 61వ జాతీయ చలనచిత్ర పురస్కారాలలో ఉత్తమ తెలుగు చిత్రంగా ఎంపికైంది. 2014లో దాని విడుదలకు ప్రజల నుంచి చందాలు సేకరించారు. బంజారా హిల్స్, జూబ్లీ హిల్స్, ఫిలింనగర్ కొండల మీద స్టూడియోలకు, పెట్టుబడులకు కొదవ లేదు. సినిమా అవకాశమన్న మాట అమ్మాయిలను నగరానికి రప్పించే ఎరల్లో ఒకటి కూడా. ఆ పరిశ్రమ నడిమధ్య ఈ ఇతివృత్తం గల చిత్రం తెర చేరడానికి శరణాలయాల నాటి పద్ధతినే, చందానే, ఆశ్రయించింది. 1955 'కన్యాశుల్కం'లో సావిత్రి మధురవాణిగా వెలిగిన నాటి నుంచి వేశ్య పాత్ర తెలుగు సినిమాకు లాభసాటి వస్తువుగానే ఉంది. ఆ పాత్ర వెనుక ఉన్న మనిషి బతుకుకు పెట్టుబడి దొరకడం వేరే సంగతి.

ప్రజ్వల 2004లో వేసిన ప్రజాహిత వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 2015 డిసెంబరు 9న ఉత్తర్వు ఇచ్చింది. సమగ్ర చట్టం తెస్తామన్న హామీ ననుసరించి రూపొందిన బిల్లు, పునరావాస నిధి ప్రతిపాదనతో సహా, 2018లో లోక్‌సభలో నెగ్గింది. రాజ్యసభ ఆమోదం పొందకుండానే 2019లో మురిగిపోయింది. 2022 మే 19న బుద్ధదేవ్ కర్మస్కర్ కేసులో సుప్రీంకోర్టు, ఇష్టానికి వ్యతిరేకంగా రక్షణాలయాలలో ఉంచిన వయోజన స్త్రీల కేసులను సమీక్షించి విడుదల చేసేందుకు ఆ గృహాలను సర్వే చేయాలని రాష్ట్రాలను ఆదేశించింది. 1956 నుంచి కొనసాగిన తాళం ప్రశ్న అరవై ఆరేళ్లకు కోర్టు ముందు స్పష్టంగా నిలబడింది.

ఈలోగా ఆంధ్రప్రదేశ్‌లో అక్రమ రవాణా నుంచి బయటపడిన స్త్రీలే 'విముక్తి' అనే వేదికగా ఏర్పడ్డారు. ఇలాంటి వేదికలు దేశవ్యాప్తంగా కలిసి అడుగుతున్నది గృహాల సంఖ్య పెంచమని కాదు. పునరావాసం తమ ఊళ్లో, తమవాళ్ల మధ్య జరగాలని అడుగుతున్నారు. ఇక్కడ కథ చెబుతున్నది నివేదిక రాసే కార్యకర్త కాదు, నవలాకారిణి కాదు. కొందరు ముఖాలు చూపి మాట్లాడుతున్నారు, కొందరు ముసుగు తీయకుండానే వినతిపత్రాలు ఇస్తున్నారు.