బుల్లెట్ ప్రూఫ్ జాకెట్ వెనక ఆ పట్టీ ఎందుకు? ఎలా కుట్టాలంటే..

బుల్లెట్ ప్రూఫ్ జాకెట్ వెనక, మెడ కింద ఒక చిన్న పట్టీ ఉంటుంది. చూసినవాళ్లు హ్యాంగర్‌కి తగిలించడానికేమో అనుకుంటారు. కాదు, అది డ్రాగ్ హ్యాండిల్. కాల్పుల్లో గాయపడిన జవాన్‌ను తోటివాళ్లు చాటుకి ఈడ్చుకెళ్లేది దీన్ని పట్టుకునే. అమెరికా ఆర్మీ 2007లో తెచ్చిన ఐఓటీవీ జాకెట్‌కీ ఇది ఉంది.

పట్టీ ఎంత గట్టిది అన్నదానికంటే దాన్ని దేనికి కుట్టారన్నదే ముఖ్యం. మనిషి బరువుకి ప్లేట్లు, తూటాలు కలిస్తే సులువుగా వంద కిలోలు దాటుతుంది. పైగుడ్డకి మాత్రమే కుడితే లాగగానే చిరిగి చేతికొచ్చేస్తుంది. అందుకే వెడల్పాటి నైలాన్ పట్టీని భుజాల పట్టీలకి కలిపి, చదరం మధ్యలో ఇంటూ గుర్తు వచ్చేలా కుడతారు. కుట్టేముందు లోపలి బాలిస్టిక్ ప్యానెల్స్ తీసేయాలి. సూది దిగితే కవర్‌కి చిల్లు పడుతుంది, తేమ చేరుతుంది. కెవ్లార్‌కి తేమ అస్సలు పడదు.

గ్లవ్స్ వేసుకున్న చెయ్యి దూరేంత ఖాళీ ఉండాలి. అలాగని వేలాడితే వాహనం తలుపుకి తగులుకుంటుంది.

చాలామంది మర్చిపోయేది ఇంకోటి ఉంది. నడుము పట్టీ వదులుగా ఉంటే, లాగినప్పుడు జాకెట్ పైకి జారి గొంతు నొక్కేస్తుంది. అమెరికాలో ఫైర్‌ఫైటర్ల కోట్లకి 2007 ప్రమాణాల్లో తప్పనిసరి చేసిన పట్టీ అయితే లోపల రెండు భుజాల చుట్టూ తిరిగి ఉంటుంది. లాగితే బరువు గుడ్డ మీద కాదు, ఒంటి మీదే పడుతుందన్నమాట.

కుట్టాక ఫుల్ కిట్‌తో ఉన్న మనిషిని నేల మీద పడుకోబెట్టి, తల వైపుకి లాగి చూడాలి. ఒక్క కుట్టు వదులైనా ఆ జాకెట్‌ని డ్యూటీకి ఇవ్వకూడదు.