ఆర్థిక మాంద్యం - మహిళా శ్రామిక భాగస్వామ్యం

శ్రామిక భాగస్వామ్య రేటు అనగా 15 ఏళ్ళు నిండిన జనాభాలో పని చేస్తున్నవారు, పని కొరకు వెతుకుతున్నవారు కలిసి ఎంత శాతం ఉన్నారో తెలిపే సంఖ్య. ఆర్థిక మాంద్యంలో స్త్రీల విషయంలో ఈ రేటు తగ్గవచ్చు, పెరగనూ వచ్చు.

రెండు ప్రభావాలు

పని దొరకదని నిరాశ చెంది వెతకటం మానివేసినవారు ఈ లెక్కలోకి రారు. దీనిని నిరుత్సాహ శ్రామిక ప్రభావం అంటారు. ఇంట్లో భర్త సంపాదన పడిపోయినపుడు, అంతవరకు ఇంటిపట్టున ఉన్న స్త్రీ పనికి బయలుదేరటం అదనపు శ్రామిక ప్రభావం. ఏ రంగం దెబ్బతిన్నదన్నది కూడా ముఖ్యమే. 2008-09 మాంద్యంలో అమెరికాలో నిర్మాణ, తయారీ రంగాలు కుంగిపోయి పురుషులే అధికంగా ఉద్యోగాలు కోల్పోయారు. 2020లో హోటళ్ళు, దుకాణాలు, పాఠశాలలు మూతపడి స్త్రీలకు ఎక్కువ నష్టం కలిగింది.

హైదరాబాదులో

యూసుఫ్‌గూడ, అమీర్‌పేట, పంజగుట్ట ప్రాంతాలు శిక్షణా కేంద్రాలకు, వసతిగృహాలకు ప్రసిద్ధి. 2020 మార్చిలో లాక్‌డౌన్ మొదలవగానే వసతిగృహాలను ఖాళీ చేయమనటంతో, స్వస్థలాలకు వెళ్ళేందుకు అనుమతి పత్రాల కొరకు యువతీయువకులు పోలీసుస్టేషన్ల వద్ద బారులు తీరారు. యూసుఫ్‌గూడను ఆనుకొని ఉన్న కృష్ణానగర్‌లో సినిమా కార్మికులు అధికం. చిత్రీకరణలు ఆగిపోవటంతో రోజువారీ వేతనంపై పనిచేసే జూనియర్ ఆర్టిస్టులకు ఆదాయం లేకుండా పోయింది. అపార్టుమెంట్లలోకి బయటివారిని రానివ్వకపోవటంతో ఇళ్ళలో పనిచేసే స్త్రీలు కూడా పని కోల్పోయారు. బడులు మూతపడి పిల్లల సంరక్షణ భారం సైతం ఎక్కువగా తల్లులపైనే పడింది.

గణాంకాలు

భారత ప్రభుత్వ శ్రామిక సర్వే ప్రకారం దేశంలో స్త్రీల భాగస్వామ్య రేటు 2018-19లో 24.5 శాతం, 2019-20లో 30 శాతం, 2020-21లో 32.5 శాతం. అనగా ఉత్పత్తి క్షీణించిన సంవత్సరంలో కూడా రేటు పెరిగింది. 2023-24 నాటికి ఇది 41.7 శాతానికి చేరింది. ఆర్థిక వ్యవస్థ కోలుకున్నాక కూడా కొనసాగినందున ఈ పెరుగుదలకు మాంద్యమొక్కటే కారణమని చెప్పలేము.

అయితే పని స్వభావం మారింది. పనిలో ఉన్న స్త్రీలలో స్వయం ఉపాధి పొందేవారు 2017-18లో 51.9 శాతం కాగా 2023-24లో 67.4 శాతం. ఇందులో సగానికి పైగా కుటుంబ పొలంలోనో, దుకాణంలోనో వేతనం లేకుండా సహాయపడేవారే. ఇదే కాలంలో నెలజీతంపై పనిచేసే స్త్రీల వాటా 21 శాతం నుండి సుమారు 16 శాతానికి తగ్గింది. కనుక భాగస్వామ్య రేటుతో పాటు పని రకాన్ని, వేతనాన్ని కూడా చూచినపుడే స్త్రీల స్థితి మెరుగైనదా లేదా అన్నది తెలుస్తుంది.