పుస్తకాల క్లియరింగ్ హౌస్

ఒక గ్రంథాలయంలోని కంప్యూటరు మరో గ్రంథాలయంలోని కంప్యూటరును పలకరించి పుస్తకాల వివరం అడగటం ఇంటర్‌నెట్ వచ్చాక పుట్టిన సంగతి అనుకుంటాం. దాని వేళ్ళు 1960లలో ఉన్నాయి. అమెరికాలోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ తన పుస్తకాలకు కార్డులు అచ్చువేసి ఇతర గ్రంథాలయాలకు అమ్ముతుండేది. ఆ కార్డును యంత్రం చదవగలిగేట్టు మార్చే పని హెన్రియెట్ ఆవ్‌రమ్ చేతికి వచ్చింది. ఆమె లైబ్రేరియన్ కాదు, ప్రోగ్రామరు. 1966లో 16 గ్రంథాలయాలతో ప్రయోగం మొదలై, 1969 నుంచి ఆ వివరాలు టేపుల మీద చందాదారులకు అందసాగాయి. ఈ పద్ధతి పేరు మార్క్. ఇందులో రచయితకు 100, గ్రంథనామానికి 245, ఇలా ప్రతి వివరానికీ ఒక మూడంకెల సంఖ్య. మా లెడ్జర్లలో ఖాతా హెడ్డులకు సంఖ్యలిచ్చినట్టే. భాష ఏదైనా సంఖ్య ఒకటే కనుక యంత్రం తికమకపడదు.

టేపు పోస్టులో వెళ్ళేది. తీగ మీద అడిగి తీగ మీదే జవాబు తెచ్చుకునే పద్ధతికి 1988లో ఒక ప్రమాణం వచ్చింది. దాని పేరు జెడ్ 39.50. పేరు కాదది, ఫైలు నంబరు! 1995 నాటి మూడో రూపం బాగా వ్యాపించింది. మన ఊరి లైబ్రరీ సాఫ్ట్‌వేర్‌లో ఒక పేరు కొడితే, అది దూరదేశపు లైబ్రరీకి ప్రశ్న పంపి, మార్క్ రూపంలో జవాబు తెచ్చేది. చిక్కల్లా ఒకటే. ఇరవై లైబ్రరీలను అడిగితే అన్నిటికన్నా మందకొడి లైబ్రరీ జవాబిచ్చేదాకా కాచుకోవాలి. ఖాతాదారు నిల్వ అడిగినప్పుడల్లా ఇరవై బ్రాంచీలకు ఫోను చేసినట్టు.

1999 అక్టోబరులో అమెరికాలోని శాంతా ఫేలో కొందరు కూడి దీన్ని తిరగేశారు. అడిగినప్పుడల్లా పరుగెత్తడం దేనికి? ప్రతి భాండాగారమూ తన పట్టికను తెరిచి ఉంచాలి, కావలసినవారు వచ్చి దాన్ని మొత్తంగా ఎత్తి తెచ్చుకోవాలి. 2001లో ఓఏఐ పేరుతో ఈ ప్రమాణం తొలిరూపం, 2002లో రెండో రూపం వచ్చాయి. మొత్తం ఆరే ఆరు ఆజ్ఞలు. ఫలానా తేదీ తర్వాత చేరినవి మాత్రమే పంపమని అడగవచ్చు. పట్టిక పొడవైతే ముక్కలుగా పంపి, ప్రతి ముక్క చివరా ఒక గుర్తు ఇస్తుంది. ఆ గుర్తు చూపిస్తే తరువాయి ముక్క దొరుకుతుంది. పేజీ అడుగున మొత్తం వేసి తరువాతి పేజీకి తీసుకుపోవడం తెలిసిన గుమాస్తా ఎవరికైనా ఇది పాత పద్ధతే. కనీసం వాడవలసిన వివరాల పట్టిక పేరు డబ్లిన్ కోర్, పదిహేను అంశాలు. ఈ డబ్లిన్ ఐర్లండుది కాదు, ఒహాయో రాష్ట్రంలోని ఊరు. 1995లో అక్కడ జరిగిన సమావేశంలో పుట్టింది.

మన దేశానికి వద్దాం. నాటి చిత్తూరు జిల్లా కాటూరులో 1937లో పుట్టి, 1994లో ట్యూరింగ్ అవార్డు అందుకున్న రాజ్ రెడ్డి గారు పదిలక్షల పుస్తకాల పథకానికి మూలపురుషులు. కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం, బెంగుళూరు ఐఐఎస్సీ, హైదరాబాదు ట్రిపుల్ ఐటీ వంటి సంస్థలు కలిసి 2000ల తొలి ఏళ్ళలో డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియాను నిలబెట్టాయి. వేలాది తెలుగు పుస్తకాలు స్కానయ్యాయి. ఆంధ్రదేశానికి వెలుపల ఉన్న మనకు అది పెన్నిధి. 2010ల రెండో సగంలో ఆ సైటు మూతబడింది. అప్పటికే కార్ల్ మాలముద్ వంటివారి పూనికతో లక్షల ప్రతులు ఇంటర్‌నెట్ ఆర్కైవ్‌లోకి చేరాయి గనుక బతికిపోయాం. పాత లైబ్రరీలో పుస్తకానికి ఉన్న సంఖ్యే అక్కడ గుర్తింపులో భాగమైంది. మా చెక్కుల అడుగున ఊరికి మూడు, బ్యాంకుకు మూడు, బ్రాంచికి మూడు అంకెలున్నట్టు. సంఖ్య ఉంటే సాఫ్ట్‌వేర్ తిన్నగా పుస్తకం దగ్గరకు పోతుంది.

సంఖ్య తెలియకపోతేనో? అసలు బాధ ఇక్కడే. ఆ తెలుగు పుస్తకాల పేర్లు చాలామటుకు ఇంగ్లీషు లిపిలో, ఎక్కించినవారికి తోచిన స్పెల్లింగులో ఉన్నాయి. 'శ్రీ' ఒక్కటే మూడు నాలుగు రకాలు. ట, త లకు తేడా లేదు. ల, ళ లకు లేదు. దీర్ఘం ఉంటే ఉంది, లేకపోతే లేదు. బళ్ళారి ధర్మవరం రామకృష్ణమాచార్యుల వారి 'చిత్రనళీయం' పేరును మీ ఇంట్లో నలుగురిని ఇంగ్లీషులో రాయమనండి, నాలుగు విధాలుగా రాస్తారు. యూనికోడ్‌లో 1991 నుంచే తెలుగుకు చోటుంది. 1912లో బార్నెట్ దొర బ్రిటిష్ మ్యూజియం తెలుగు పుస్తకాల పట్టిక వేసినప్పుడు ప్రతి అక్షరానికీ ఒక నియమం పాటించాడు. తొంభై ఏళ్ళ తర్వాత మనం ఆ పాటి శ్రద్ధ చూపలేదు.

పేర్ల గొడవ మరొకటి. ఇంటిపేరు ముందు చెప్పడం మన ఆచారం. తమిళనాట స్థిరపడినవారిలో చాలామందికి తండ్రి పేరు పొడి అక్షరమై ముందుకొచ్చింది. పాశ్చాత్యుల సాఫ్ట్‌వేర్ చివరి మాటే వంశనామం అనుకుంటుంది. ఒకే రచయిత రెండు మూడు చోట్ల రెండు మూడు మనుషులవుతాడు. కె.వై.సీ. కాగితాల్లో ఇదే తంటా రోజూ చూస్తుంటాం.

ఖరగ్‌పూర్ ఐఐటీ నడిపే నేషనల్ డిజిటల్ లైబ్రరీ 2018లో జాతికి అంకితమైంది. అదీ ప్రధానంగా ఇతరుల పట్టికలు సేకరించి ఒకచోట చూపేదే. ఎక్కడో తప్పుగా ఎక్కిన పేరు అలాంటి పట్టికల్లోకి అదే తప్పుతో చేరుతుంది. తప్పు పోస్టింగు ఎన్ని స్టేట్‌మెంట్లలోకి మోసినా తప్పే. మార్క్‌లో 880 అని ఒక గది ఉంది, అసలు లిపిలో పేరు రాసుకోవడానికే. అది ఖాళీగా ఉంటే నింపవలసింది యంత్రం కాదు. మదరాసు, బళ్ళారి, బరంపురం పాత పుస్తకాలు ముఖపత్రంతో సహా చూసిన పెద్దలు మన మధ్య ఇంకా ఉన్నారు. ఇంటర్‌నెట్ ఆర్కైవ్‌లో ఆ సంఖ్యలు ఉన్నాయి, పేర్లు సరిచేయవలసి ఉంది.