పిడికీ బ్లేడుకీ మధ్య

మా ఆఫీసులో కొత్త ప్రాడక్టు గురించి మాట్లాడుకునే ప్రతి మీటింగులోనూ ఎవరో ఒకరు జిలెట్ పేరు ఎత్తుతారు. రేజరు చవగ్గా ఇచ్చెయ్యాలి, డబ్బులు బ్లేడ్ల మీద రాబట్టుకోవాలి. ప్రింటరూ ఇంకూ, గేమ్ కన్సోలూ గేములూ, యాప్ ఉచితం, ఫీచర్లకి నెలనెలా చందా... ఇవన్నీ ఆ కథకి పుట్టిన పిల్లలే అంటారు. నేను కూడా రేజరు బొమ్మ పెట్టి స్లైడ్లు చేసినవాణ్ణే. చిక్కేంటంటే, ఆ కథ చాలావరకు నిజం కాదు.

నాకు ఆ సంగతి తెలిసింది వ్యాపార పుస్తకాల వల్ల కాదు, మెడ మీద లేచిన కురుపుల వల్ల. నాది ఉంగరాల గడ్డం. ఐదు బ్లేడ్ల కాట్రిడ్జితో గీసుకున్న రెండో రోజుకి మెడంతా ఎర్రగా పొక్కేది. డాక్టరు మందు రాసిచ్చి, "అన్ని బ్లేడ్లు ఎందుకయ్యా?" అని అడిగి ఊరుకున్నారు. ఆ సంక్రాంతికి ఏలూరు వెళ్ళినప్పుడు నాన్న రేజరు అడిగి తీసుకున్నాను. ఇత్తడి మీద పూత వేసిన రేజరు. పిడి తిప్పితే మూడు ముక్కలుగా ఊడొస్తుంది. వీధి చివర కిరాణా కొట్లో కంటబడిన బ్లేడు ప్యాకెట్టు కొన్నాను. సరిగ్గా కూర్చుంది. అక్కడ ఆగిపోయాను. నా పాత ఫోను చార్జరు ఇప్పటి ఫోనుకి పట్టదు. నాకంటే వయసులో పెద్దదైన రేజరుకి, ఎవరో వేరే కంపెనీవాళ్ళు మొన్నెప్పుడో చేసిన బ్లేడు ఎలా పట్టింది?

దీనికి జవాబు కావాలంటే 1895కి వెళ్ళాలి. కింగ్ క్యాంప్ జిలెట్ అప్పటికి నలభై ఏళ్ళ సేల్స్‌మన్. సీసా మూతలు చేసే కంపెనీలో పని. ఆ మూత కనిపెట్టిన విలియం పెయింటర్ అతనికి ఒక సలహా ఇచ్చాడు: జనం ఒకసారి వాడి పారేసి, మళ్ళీ కొనుక్కునేది ఏదైనా ఆలోచించు అని. ఆ ఏడాది ఒక పొద్దున గడ్డం గీసుకోబోతే కత్తి మొండిబారి ఉంది. సాన పెట్టక్కర్లేని పల్చటి బ్లేడు చేస్తే? పాడైతే పారేస్తే? ఆలోచన అంతే.

విచిత్రం ఏమిటంటే, అంతకు ఏడాది ముందే, 1894లో, ఈ మనిషి 'ది హ్యూమన్ డ్రిఫ్ట్' అని ఒక పుస్తకం రాశాడు. మనుషుల కష్టాలన్నిటికీ మూలం పోటీయేనని, ఉత్పత్తి మొత్తం ఒకే ఒక్క కంపెనీ చేతిలో, అదీ ప్రజలందరి వాటాతో నడిచే కంపెనీ చేతిలో ఉండాలని, నయాగరా జలపాతం కరెంటుతో వెలిగే ఒకే మహానగరంలో అందరూ బతకాలని దాని సారాంశం. పోటీ వద్దన్న ఆదర్శవాది పేరు చివరికి పేటెంట్ల యుద్ధాలకి మారుపేరైంది.

సేఫ్టీ రేజరుని జిలెట్ కనిపెట్టాడనుకుంటాం. కాదు. కత్తికి అడ్డు పెట్టి చర్మం తెగకుండా చూడాలన్న ఆలోచన పద్ధెనిమిదో శతాబ్దపు ఫ్రాన్సులోనే ఉంది. న్యూయార్క్‌లో కాంఫే సోదరులు 1880లో అలాంటి రేజరుకి పేటెంటు తీసుకున్నారు. కానీ వాటిలో బ్లేడు మందం. తోలు పట్టా మీద పదును పెట్టుకుంటూ ఉండాల్సిందే. జిలెట్ తీసేసింది ఆ పనిని. కాగితంలాంటి ఉక్కు రేకుని గట్టిపరిచి పదును పెట్టడం కుదరదని తెలిసినవాళ్ళంతా చెప్పారు. ఎంఐటీలో చదివిన విలియం నికర్సన్ కుదిర్చాడు. అమ్మకాలు మొదలైన 1903లో పోయినవి 51 రేజర్లు, 168 బ్లేడ్లు. మరుసటి ఏడాది రేజర్లే తొంభై వేలు దాటాయి.

అంతకుముందు పదును ఎక్కడుండేది? మనిషి చేతిలో. మంగలి కత్తికి సాన పట్టడం, పట్టా మీద ఆడించడం, చర్మాన్ని లాగి పట్టుకుని ఏటవాలుగా నడిపించడం ఏళ్ళ తరబడి నేర్చుకునే విద్య. మన ఊళ్ళలో అది నాయీబ్రాహ్మణుల విద్య. ఇంటింటికీ వెళ్ళి గీసి, ఏడాదికోసారి ధాన్యం కొలిపించుకునేవాళ్ళు. ఆ విద్యని పొగిడి ఊరుకుంటే అబద్ధమాడినట్టే. ఆ కత్తి ఏ గడ్డాన్ని తాకొచ్చో, ఏ గడ్డాన్ని తాకకూడదో ఊరి పెత్తందార్లు నిర్ణయించేవారు. దళితులకి క్షవరం చెయ్యని ఊళ్ళు ఎన్నో. అందుకని, ఎవరి గడ్డం వాళ్ళు గీసుకోగల రేజరు అందరికీ ఒక్కలాంటి సౌకర్యం కాదు. కొందరికి అది తీరిక. కొందరికి ఒకరి గుమ్మం ముందు నిలబడక్కర్లేకపోవడం.

ఇప్పుడు ధర సంగతి. జిలెట్ రేజరు 5 డాలర్లు. ఫ్యాక్టరీ కార్మికుడి వారం జీతంలో పెద్ద ముక్కే అది. ముఖ్యమైన పేటెంటు 1904 నవంబరులో వచ్చింది. పదిహేడేళ్ళు, అంటే 1921 దాకా, ఆ రేజరుని ఇంకొకరు చెయ్యడానికి లేదు. రేజరు ఊరికే ఇచ్చి బ్లేడ్ల మీద సంపాదించడానికి అంతకన్నా మంచి కాలం ఏముంటుంది? కంపెనీ ఆ పని చెయ్యలేదు. ఖరీదైన వస్తువుగానే అమ్మింది. మొదటి ప్రపంచయుద్ధంలో అమెరికా సైన్యం కొన్న 35 లక్షల రేజర్లు కూడా దానం కాదు, అమ్మకమే. 1921లో పేటెంటు గడువు తీరి, ఎవరైనా అలాంటి రేజరూ బ్లేడూ చేసుకోవచ్చన్నాకే పాత నమూనాని ఒక డాలరుకి దించింది. షికాగో న్యాయశాస్త్ర ప్రొఫెసర్ రాండల్ పికర్ 2010లో ఈ లెక్కలన్నీ తవ్వి తీశాడు. అంటే మేం స్లైడ్లలో పెట్టుకునే కథకి చరిత్ర సరిగ్గా తలకిందులు.

పేటెంటు పోయాక మిగిలిందేమిటి? ఒక కొలత. బ్లేడు వెడల్పు, పొడవు, చిల్లుల మధ్య దూరం. మా భాషలో చెప్పాలంటే ఓపెన్ స్టాండర్డ్. దాన్ని మళ్ళీ మూసెయ్యాలని చూడకపోలేదు. 1930 ప్రాంతంలో ఆటోస్ట్రాప్ కంపెనీ అధిపతి హెన్రీ గైస్‌మన్‌తో బ్లేడు చిల్లుల ఆకారం మీదే కోర్టు తగాదా నడిచి, రెండు కంపెనీలూ కలిసిపోయాయి. తగాదా తెగాక వచ్చిన, మధ్యలో పొడుగాటి చీలిక ఉండే బ్లేడు పాత రేజర్లకీ పట్టింది, కొత్తవాటికీ పట్టింది. నాన్న రేజరులో నేను వేసిన బ్లేడు ఆకారం అదే.

కొలత అందరిదీ అయితే పోటీ పదును మీదే జరగాలి. 1960ల మొదట్లో జరిగింది అదే. ఇంగ్లండులో కత్తులు చేసుకునే విల్కిన్సన్ స్వోర్డ్ తుప్పు పట్టని స్టెయిన్‌లెస్ బ్లేడు తెస్తే, అంత పెద్ద జిలెట్టూ వెనకబడి, హడావిడిగా తనదీ ఒకటి తెచ్చుకోవాల్సొచ్చింది. జనం రేజరు మార్చక్కర్లేదు, బ్లేడు మారిస్తే చాలు. మన దేశంలో టోపాజ్, సూపర్‌మాక్స్ లాంటి పేర్లు బడ్డీకొట్లదాకా వచ్చాయంటే ఆ కొలత పుణ్యమే. సెలూన్లలో ఆ బ్లేడునే మధ్యకి విరిచి కత్తిపిడిలో బిగిస్తారు. ఎయిడ్స్ ప్రచారం రోజుల్లో "కొత్త బ్లేడు వెయ్యమని అడగండి" అన్నది కూడా ఆ బ్లేడు గురించే.

తర్వాత 1971లో జిలెట్ 'ట్రాక్ టూ' వచ్చింది. రెండు బ్లేడ్లు ప్లాస్టిక్ పెట్టెలో ఇమిడిపోయిన కాట్రిడ్జి. మొదటి బ్లేడు వెంట్రుకని పైకి లాగుతుంది, అది వెనక్కి పోయేలోపు రెండోది ఇంకాస్త కింద కోస్తుంది. ఇది వాళ్ళు చెప్పిన సంగతి. చెప్పని సంగతి పిడికీ బ్లేడుకీ మధ్యనున్న కొక్కెం. ఏ కంపెనీ కొక్కెం ఆ కంపెనీదే, దానికి పేటెంటు. కాట్రిడ్జి మారినప్పుడల్లా తాళం కూడా కొత్తది. పేటెంట్లన్నీ ఉన్నప్పుడు నడవని 'రేజరు చవక, బ్లేడు ఖరీదు' వ్యాపారం అసలు సిసలుగా నడిచింది ఇక్కడ్నించి.

బ్లేడ్ల సంఖ్య పెరగడం ఒక హాస్యం. 1975లో 'సాటర్డే నైట్ లైవ్' మొట్టమొదటి ఎపిసోడులోనే మూడు బ్లేడ్ల రేజరు మీద ఉత్తుత్తి ప్రకటన వేసి నవ్వించారు. 1998లో మాక్‌త్రీ నిజంగానే వచ్చింది. 2003లో షిక్ నాలుగు, 2006లో జిలెట్ ఐదు.

మరి గీసుకోవడంలో తేడా ఎంత? మూడేళ్ళుగా సేఫ్టీ రేజరు వాడుతున్నవాడిగా చెప్తాను. కాట్రిడ్జి తల దానంతటదే వాలుతుంది, కాస్త నొక్కినా క్షమిస్తుంది. ఐదు నిమిషాల్లో పనైపోతుంది. సేఫ్టీ రేజరుని సుమారు ముప్ఫై డిగ్రీల వాలులో మనమే పట్టుకోవాలి. నొక్కకూడదు, దాని బరువుతోనే దిగాలి. వెంట్రుకలు మెడ మీద ఎటు తిరిగి ఉన్నాయో వేలితో తడిమి తెలుసుకోవాలి. నాకు మొదటి రెండు వారాలూ గాట్లే. నునుపు విషయంలో కాట్రిడ్జిదే పైచేయి. కానీ చర్మం కంటే కిందకి తెగిన ఉంగరాల వెంట్రుక మళ్ళీ లోపలికే మొలిచి కురుపవుతుంది. నా మెడ సమస్య అదే. ఒంటి బ్లేడుకి మారాక తగ్గింది.

ఇంకో తేడా అలవాటుకి సంబంధించింది. ఉక్కుకంటే యాభై రెట్లు మెత్తనైన వెంట్రుక బ్లేడు అంచుని ఎలా పెచ్చులూడగొడుతుందో 2020లో ఎంఐటీ పరిశోధకులు మైక్రోస్కోపు కింద చూపించారు. ఏ బ్లేడైనా పాడవక తప్పదు. కొన్ని రూపాయల బ్లేడుని ఐదు గీతలకి పారేస్తాం. వందకి పైగా పెట్టిన కాట్రిడ్జిని మనసొప్పక నెల లాగుతాం. నేను ఇన్నాళ్ళూ గీసుకున్నది పదునైన ఐదు బ్లేడ్లతో కాదు, మొండిబారిన ఐదు బ్లేడ్లతో.

మన దేశంలో ఈ కథకి ఒక ముగింపు ఉంది. జిలెట్ 'వెక్టర్' అనే రేజరుని భారతదేశం కోసమని తయారుచేసి, ఎంఐటీలో చదువుతున్న భారతీయ విద్యార్థుల చేత వాడించి చూసింది. అందరూ భేషన్నారు. ఇక్కడికి తెస్తే నచ్చలేదు. ఇరుక్కున్న వెంట్రుకలు పోవాలంటే పారే నీళ్ళు కావాలి. ఇక్కడ చాలామంది చెంబెడు నీళ్ళతో, చేత్తో పట్టుకున్న అద్దంలో చూసుకుంటూ, గుడ్డి వెలుతుర్లో గీసుకుంటారు. "నా మెషీన్‌లో పనిచేస్తోంది కదా" అనడం మా ఒక్కళ్ళ రోగం కాదన్నమాట. ఆ తర్వాత ఇళ్ళకొచ్చి, వందలమందిని చూసి, 2010లో 'గార్డ్' తెచ్చారు. 15 రూపాయల రేజరు, 5 రూపాయల కాట్రిడ్జి. మాక్‌త్రీలో పాతిక భాగాలుంటే దీన్లో నాలుగు. బ్లేడు మళ్ళీ ఒక్కటే. మంచి ఇంజనీరింగ్, సందేహం లేదు. అన్నీ తగ్గించారు, కొక్కెం మాత్రం తమదే ఉంచుకున్నారు.

నాన్నకి పోయినేడాది నుంచీ చేతులు వణుకుతున్నాయి. సెలవుకి వెళ్ళినప్పుడు ఆయన రేజరుతో ఆయనకి నేనే గీశాను. నా ముఖం మీద తెలిసిన వాలు ఆయన ముఖం మీద తెలియలేదు. సొట్టబోయిన బుగ్గ దగ్గర రెండుచోట్ల తెగింది. "మెల్లగా కానీరా, నాకేం ఆఫీసుందా?" అన్నాడు గానీ, పటిక రాస్తుంటే కళ్ళు మూసుకున్నాడు. మర్నాడు కాట్రిడ్జి రేజరొకటి కొన్నాను. దాంతో ఒక్క గాటు పడలేదు. ఇన్నాళ్ళూ స్నేహితుల దగ్గర నేను చేసిన వాదనంతా బాత్రూం అరలో పెట్టేశాను. ఇప్పుడు అమ్మ రోజు విడిచి రోజు దాంతోనే గీస్తోంది.

మొన్న ఫోన్ చేసింది. కాట్రిడ్జీలు అయిపోయాయట, కిరాణా కొట్లో ఆ రకం రావడం మానేసిందట. వేరే కంపెనీవి తెచ్చి చూస్తే పిడికి ఎక్కలేదు. నేను ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెట్టాను. అవి వచ్చేదాకా నాన్న నాలుగు రోజులు గడ్డంతోనే ఉన్నాడు. ఆయన పాత రేజరు నా దగ్గర, హైదరాబాద్‌లో, అన్ని బ్లేడ్లూ పట్టేలా ఉంది.